పెద్దాయన ఇచ్చిన టైర్లు

2003వ సంవత్సరం, ఎండాకాలం. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు పోయే రోడ్డు మీద నాకు టైర్ల అంగడి ఉండేది. ముందు గాలి కొట్టే మిషను, లోపల టైరును చక్రం నుంచి ఊడదీసే మిషను, రేకుల షెడ్డు, గోడ నిండా టైర్ల కంపెనీల క్యాలెండర్లు. అవి తప్ప వేరే క్యాలెండరు తగిలించేవాణ్ని కాదు. ఆ రోజుల్లో మా వైపు క్యాలెండరుకు కూడా పార్టీ ఉండేది. ఒక నాయకుడి బొమ్మ గోడ మీద కనిపిస్తే అవతలి వర్గం ఊళ్లవాళ్లు బండి ఆపకుండా ముందుకు పోయేవాళ్లు. మందుల అంగడి, ఎరువుల అంగడి, చివరికి టీ కొట్టు కూడా ఫలానా వాళ్లది అనే లెక్కలోనే ఉండేది. నాది ఎవరి లెక్కలోనూ లేదు. అందుకని రాజుపాలెం రైతూ వచ్చేవాడు, పులివెందుల జీపూ వచ్చేది, రెండు వర్గాల సుమోలూ వచ్చేవి. ఒకేసారి మాత్రం రాకుండా వాళ్లే చూసుకునేవాళ్లు.

టైర్లు ఎప్పుడు మార్చాలని నన్ను అడగనివాడు లేడు, నేను చెబితే విన్నవాళ్లు తక్కువ. బండి ఉన్నవాళ్లంతా చూసేది ఒకటే, నేలను పట్టుకునే పై భాగంలోని గీతలు. దాన్ని ట్రెడ్ అంటాం, డ్రైవర్లు గ్రిప్పు అంటారు. గ్రిప్పు లోతుగా ఉంటే టైరు బాగున్నట్టు, అరిగిపోతే పోయినట్టు. ఇది సగమే నిజం. మిగతా సగం సైడ్‌వాల్‌లో, అంటే టైరు పక్క గోడలో ఉంటుంది. రబ్బరుకు వయసుంటుంది. ఏళ్ల తరబడి ఎండలో నిలబెట్టిన బండి టైరు ఒక్క మైలు తిరగకపోయినా ముసలిదైపోతుంది. పక్క గోడ మీద వెంట్రుకంత సన్నటి పగుళ్లు వస్తాయి. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏమీ కాదు. మే నెల ఎండలో, నిండా మనుషులతో, గంటల తరబడి పోతే లోపల వేడెక్కి ఉన్నట్టుండి పేలిపోతుంది. దాన్ని బ్లోఅవుట్ అంటారు. పంక్చరైతే బండిని పక్కకు తీసి ఆపుకోవచ్చు. బ్లోఅవుట్ ఆ అవకాశం ఇవ్వదు.

ఈ సంగతి మా వైపు అందరికంటే బాగా తెలిసినవాళ్లు ఫ్యాక్షన్ నాయకులు. దారిలో టైరు పోతే మనకు అరగంట ఆలస్యం, అంతే. వాళ్లకు ఆ అరగంటలో ప్రాణం పోవచ్చు. అందుకే ఏ రోజు వస్తారో ముందుగా చెప్పరు. బండి నా షెడ్డులో ఉన్నంతసేపూ ఇద్దరు మనుషులు రోడ్డుకు అటొకరు ఇటొకరు నిలబడి ఉంటారు. టైరు మీద నాకేమాత్రం అనుమానం ఉన్నా సరే, మారు మాట లేకుండా మార్పించుకుంటారు. ప్రాణం విలువ తెలిసినవాళ్లని అప్పట్లో నేను మెచ్చుకునేవాణ్ని కూడా. ఎవరి ప్రాణం విలువ అని అడగాలని నాకు తోచలేదు.

ఆ మార్చి నెలలో జమ్మలమడుగు దగ్గరున్న మైలవరం అవతల ఒక ఊరి నాయకుడి సుమో వచ్చింది. ఆయన పేరు రాయను. అందరూ పెద్దాయన అనేవాళ్లు, నేనూ అట్లే అంటాను. ఏదో కేసులో కోర్టు షరతు వల్ల మూడేళ్లు జిల్లాలో అడుగు పెట్టకుండా హైదరాబాదులో ఉండి, మరుసటి ఏడు ఎన్నికలున్నాయని తిరిగొచ్చాడు. ఆ మూడేళ్లూ సుమో ఇంటి ముందు ఎండలో ఒకే చోట నిలబడి ఉంది.

"గ్రిప్పు చూడు మామా, కొత్తవాటి మాదిరే ఉండాయి. గాలి పట్టి పంపిచ్చు," అన్నాడు ఆయన డ్రైవరు ఓబులేసు.

నేను పక్క గోడను బొటనవేలితో గట్టిగా నొక్కి చూపించాను. మూసుకుని ఉన్న పగుళ్లన్నీ బయటపడ్డాయి.

"ఓబులేసూ, వీటి మీద పెద్దాయన్ను ఎక్కిచ్చుకోని కడప గూడా పోవద్దు. స్టెప్నీతో కలిపి అయిదూ తీసేయాల్సిందే."

అతను ఫోన్లో ఒక్క నిమిషం మాట్లాడి, అయిదూ మార్చమన్నాడు. మార్చాను. తీసేసిన వాటి లోపలి వైపు నా అలవాటు ప్రకారం పసుపు రంగుతో పెద్ద గుణకారం గుర్తు పెట్టాను. పనికిరావని నేను తేల్చిన టైరు పొరపాటున మళ్లీ నా మిషను మీదికి రాకుండా ఆ గుర్తు. బయట పెడితే తుడిచేసి అమ్ముకునేవాళ్లుంటారు కాబట్టి లోపల పెట్టేవాణ్ని.

"ఈ పాతవి ఏం చేస్తావప్పా?" అని అడిగాను.

"పెద్దాయన యాడేయమంటే ఆడేస్తా," అంటూ అయిదింటినీ బండి వెనక వేసుకుపోయాడు. మా వైపు పాత టైర్లు ఎక్కువగా ఎద్దుల బండ్లకు పోతాయి. ఇవీ అట్లే పోతాయనుకుని మర్చిపోయాను.

ఇప్పుడు దేవదానం సంగతి చెప్పాలి. జమ్మలమడుగు వాడు. వాళ్ల తాతల కాలం నుంచీ క్రైస్తవ మిషన్ ఆసుపత్రి కాంపౌండు పక్కనే ఇల్లు. పాత సుమో ఒకటి కొనుక్కుని టాక్సీ నడిపేవాడు. ఆసుపత్రి వాళ్లు పెద్ద వైద్యానికి బయటికి పొమ్మని రాసిచ్చిన రోగులను కర్నూలుకో, తిరుపతికో, తమిళనాడులోని రాయవేలూరుకో తీసుకుపోయేవాడు. అందుకే అతని బండిని ఆసుపత్రి బండి అనేవాళ్లు. ఫిబ్రవరిలోనే అతని టైర్లు చూసి, ఇంక రెండు నెలల కంటే లాగొద్దని చెప్పి పంపాను. ఈస్టర్ పండుగ కాగానే వస్తానన్నాడు. రాలేదు. వేరే అంగట్లో కొనుంటాడని లోపల కొంచెం నొచ్చుకున్నాను కూడా.

మే నెలలో ఒక శనివారం వచ్చాడు. బండి అరవై దాటితే స్టీరింగు వణుకుతోందట. నేను వంగి చూస్తే నాలుగు టైర్లూ నల్లగా మెరిసిపోతున్నాయి. గ్రిప్పు లోతుగా ఉంది.

"యాడ కొన్యావప్పా ఇవి?"

"కొనలేదు మామా. పెద్దాయన ఇచ్చినాడు," అన్నాడు, ముఖం నిండా సంతోషంతో. పెద్దాయన చెల్లెల్ని రెండుసార్లు రాయవేలూరు తీసుకుపోయి, ఆమె బాగయ్యేదాకా అక్కడే ఉండి తీసుకొచ్చాడట. అందుకు బహుమానం. "ఊరి ముందర, అందురూ చూస్తాండంగా, టైర్లకు పసుపు కుంకుమ పెట్టి, ఆయన చేత్తో ఇచ్చినాడు మామా. స్టెప్నీతో సహా అయిదు. ఎవురికిస్తాడు అట్ల?"

చక్రం ఊడదీశాను. టైరును మిషను మీదికి ఎక్కించి అంచు తప్పించాను. లోపల పసుపు గుణకారం కనిపించింది. రెండోది తీశాను, దాంట్లోనూ ఉంది. మిగతావీ అంతే. బయట పాలిష్ పూసి పగుళ్లు కప్పేశారు కానీ లోపలి గుర్తు తుడవలేదు, బిగించినవాడూ దాన్ని పట్టించుకోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. తన ప్రాణానికి పనికిరావని తీసేసిన టైర్లను, రోగులను మోసే బండికి, అదీ పసుపు కుంకుమ పెట్టి ఇచ్చాడు. వణుకు ఎందుకొస్తోందో కూడా నాకు తెలిసిపోయింది. మూడేళ్లు ఒకే చోట నిలబడ్డ టైరు కింది వైపు చదునై ఉంటుంది.

దేవదానానికి అన్నీ చెప్పాను. మొదట నమ్మలేదు. పాలిష్ తుడిచి పగుళ్లు చూపించాక నమ్మాడు. అయినా అవే టైర్లతో చక్రాలు మళ్లీ బిగించమన్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా? దుడ్లు లేకుంటే తర్వాత ఇద్దువు."

"దుడ్లు కాదు మామా నా బాధ. టైర్లకని దాచినవి అట్లే ఉండాయి. పెద్దాయన ఊరి ముందర ఇచ్చినవి తీసేసినానంటే ఏమంటారో నీకు తెల్దా? వీనికి మనం ఇచ్చింది పనికిరాలేదా, అవతలోళ్లతో కలిసినాడా అంటారు. మా అత్తగారిది ఆ ఊరే. నా బామ్మర్దులు ఆడనే సేద్యం చేస్తాండారు. వాళ్లకు నీళ్లు రానీకుండా చేస్తే? ఎలక్షన్లు అయిపోనీ, మారుస్తా."

"ఎలక్షన్లు వచ్చే ఏడు కదప్పా. అంతవరకు?"

"మెల్లగా తోల్తా."

"మళ్లీ రాయవేలూరు ఎప్పుడు?"

అతను నా వైపు చూడలేదు. "సోమారం. జయమ్మ టీచరును తీసకపోవల్ల. గుండె ఆపరేషను."

జయమ్మ టీచరు జమ్మలమడుగులో మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. దేవదానానికి అక్షరాలు దిద్దించింది ఆమే. ఆమెతో పాటు కొడుకు, కోడలు, ఆమె చెల్లెలు. డ్రైవరుతో కలిపి అయిదుగురు, మే నెల ఎండ, ఘాట్ రోడ్డు, ఈ టైర్లు. నేను చక్రాలు బిగించనన్నాను.

"నా బండి నాకియ్ మామా," అని గొంతు పెంచాడు. "నా చక్రాలు పెట్టుకునేదానికి నువ్వెవురు?"

"ఎవర్నీ కాదు. కావాలంటే పోలీసోళ్లను పిలుచుకురాపో. నేను మాత్రం బిగిచ్చను," అని నాలుగు చక్రాలనూ ఒకదాని మీదొకటి పేర్చి వాటి మీద కూర్చున్నాను. నాకంటే పదేళ్లు చిన్నవాడు, బలమైనవాడు. తోసేసి తీసుకోగలడు. తీసుకోకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే నేను పెద్దాయన ఊరికి బయల్దేరాను. "నీకెందుకు ఆ పెద్దోళ్ల జోలి?" అని నా భార్య రెండుసార్లు అడిగింది. బస్సులో జమ్మలమడుగు దాకా, అక్కడి నుంచి ఆటోలో. దారి పొడుగునా ఆ పెద్దమనిషి తరఫున నేనే ఒక సాకు వెతికిపెట్టుకున్నాను. ఆయనకేం తెలుసు, డ్రైవర్లు చేసిన పని అయుంటుంది, చెబితే బాధపడతాడు అనుకున్నాను. భయం ఉన్నవాడు అట్లాంటి సాకులు బాగా తయారుచేస్తాడు.

పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది. ఓబులేసు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నాకు కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. మర్యాదకేం లోటు చేయలేదు. నేను వచ్చిన పని చెప్పాను. దేవదానం పంపలేదని, నేనే చక్రాలు పట్టుకుని కూర్చున్నానని కూడా చెప్పాను.

ఆయన అంతా విని, "ఆ టైర్లు బాగలేవని నాకు తెల్దా సాయిబూ? ఓబులేసు ఆ పొద్దే చెప్పినాడు," అన్నాడు. "నా బండి నూరు మీద పోతాది. నా వెనకాల ఎవుడొస్తాండాడో నాకే తెల్దు. వాంది ఆసుపత్రి బండి. మెల్లగా పొయ్యేదానికి ఇంగా రెండేండ్లు వస్తాయిలే అనుకుంటి."

సిగ్గుపడుతూ చెప్పి ఉంటే నేను క్షమించేవాణ్నేమో. దాచుకోవాల్సిన సంగతి అని కూడా ఆయనకు తోచలేదు. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను.

"అయ్యా, బండి ఎవురిదో టైరుకు తెల్దు. లోపల కూచునేది మనుసులే. మీకు పనికిరావని నేను చెప్పినానంటే ఎవురికీ పనికిరావనే చెప్పినట్లు."

నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకతను లేచి నిలబడ్డాడు. పెద్దాయన చెయ్యి ఊపి అతన్ని కూర్చోబెట్టాడు.

"సరేలే. మార్పిచ్చుకోమను. కానీ ఒక మాట. ఎలక్షన్లు పెట్టుకోని, నేనిచ్చినవి తీసేసినాడని ఊర్లో మాట పుడితే నాకు నగుబాటు. అందుకని కొత్తవి గూడా నేనే ఇప్పిచ్చినానని చెప్పల్ల. వాడూ చెప్పల్ల, నువ్వూ చెప్పల్ల."

"అయితే కొత్తవి మీరు కొనిస్తారా అయ్యా?"

ఆయన నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. "బండి వాంది గదా సాయిబూ. వాడే కొనుక్కోనీ. ఊరికి చెప్పేది మాత్రం నేను చెప్పిన మాదిరి చెప్పండి." నేను లేస్తుండగా ఇంకొక మాట అన్నాడు. "ఆ పాతవి ఈడికే పంపిచ్చు. ఇంగెవురికన్నా ఇయ్యొచ్చు."

నేను మారు మాట్లాడలేదు. ఆ ఒక్క విషయం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. పదిమంది మధ్యలో ఒక మాట అనగలిగాను, రెండో మాట అనలేకపోయాను. ఇంగెవురికీ ఇయ్యొద్దని అక్కడే చెప్పాల్సింది. తల ఊపి వచ్చేశాను.

తిరిగొచ్చేసరికి దేవదానం అంగడి ముందు నా కోసం కాచుకుని ఉన్నాడు. నేను ఆ ఊరికి పోయానని ఎవరో చెప్పారట, ముఖం పాలిపోయి ఉంది. జరిగింది చెప్పగానే గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి వదిలాడు.

"అంతేనా? ఆయన పేరే గదా, చెప్తాలే. దాంట్లో ఏముండాది మామా?"

నాకు అతని మీద కూడా కోపం వచ్చింది. సొంత కష్టంతో కొనుక్కునే టైర్లను ఇంకొకడి దానమని ఊరంతా చెప్పుకు తిరగాలట, అదేమీ కాదట. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. బామ్మర్దుల పొలాలు పెద్దాయన ఊళ్లో ఉన్నది అతనికి, నాకు కాదు. అయిదు కొత్త టైర్లు తీసి, ఒక్కొక్కదాని పక్క గోడ మీద అచ్చు వేసిన నాలుగంకెలు చూపించాను. మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. బిగించి, గాలి పట్టి, చక్రాల తూకం సరిచేసి పంపాను. స్టీరింగు వణుకు పోయింది.

ఆ తర్వాత పాత టైర్లు అయిదింటినీ ముందేసుకుని, ఇనుము కోసే రంపం తీసుకున్నాను. టైరు లోపలి అంచులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది, దాన్ని బీడ్ అంటాం. టైరును చక్రానికి పట్టి ఉంచేది అదే. అది తెగితే ఆ టైరు ఇంక ఏ చక్రం మీదా కూర్చోదు. ఒక్కొక్కదాన్ని రెండు చోట్ల తెగ్గోశాను. మూడు రంపపు బ్లేడ్లు విరిగాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. మంగళవారం ఓబులేసు వాటిని తీసుకుపోవడానికి వచ్చాడు.

"ఊడదీసేటప్పుడు మిషన్లో పడి తెగిపోయినాయప్పా," అన్నాను.

ఓబులేసు ఒక టైరు ఎత్తి కోత మీద వేలితో రాసి చూశాడు. ఇరవై ఏళ్లుగా బండ్లు తోలేవాడికి రంపపు కోత తెలియకుండా ఉంటుందా?

"నీ మిషను శానా నున్నగా కోసిందే మామా," అన్నాడు. ఇంకేమీ అనకుండా అయిదింటినీ బండిలో వేసుకున్నాడు. ఆ ఊరి నుంచి దాని గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. అతను అక్కడ ఏం చెప్పాడో నాకు తెలియదు, ఏం చెప్పినా నా మీదికి రాకుండా చెప్పాడు.

జయమ్మ టీచరు సోమవారమే రాయవేలూరు వెళ్లింది. ఆపరేషను అయింది. నెల తర్వాత అదే బండిలో తిరిగొచ్చింది. జూలైలో ఒకరోజు దేవదానం ఆమెను ప్రొద్దుటూరుకు ఏదో పని మీద తీసుకొచ్చి, నా అంగడి దగ్గర ఆపాడు. ఆమె మెల్లగా దిగి, నా చేతిలో మైసూరుపాకు పొట్లం పెట్టింది.

"ఇవి బిగిచ్చింది నువ్వే అంట గదా నాయనా. పోయేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఒక్క కుదుపు లేదు. పెద్దాయన సల్లగుండల్ల. ఒక టాక్సీ వానికి అయిదు కొత్త టైర్లు ఎవురిస్తారు ఈ కాలంలో? ప్రార్థనలో రోజూ ఆయన పేరు తల్చుకుంటాండా. మా వీధిలో అందురికీ చెప్తాండా, ఈసారి మా ఇంట్లో ఓట్లన్నీ ఆయన పార్టీకే."

దేవదానం బండి అద్దం తుడుస్తూ ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆమె నా జవాబు కోసం చూస్తోంది. అవునమ్మా, దొడ్డ మనిషి అన్నాను. మైసూరుపాకు ఆ రోజు నేను తినలేకపోయాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చెబుతాను. గ్రిప్పు చూసి మోసపోకండి, పక్క గోడను వేలితో నొక్కి చూడండి, నాలుగంకెలు చదవండి. ఆ రోజు నుంచి అంగడి మూసేదాకా, పనికిరాదని నేను తేల్చిన ఏ టైరునూ బీడ్ కోయకుండా గడప దాటనివ్వలేదు. ఎంతటివాళ్ల బండిదైనా సరే, ముందే చెప్పి, వాళ్ల ఎదురుగానే కోసేవాణ్ని. కొందరు తిట్టుకుని వేరే అంగడికి పోయారు. పోనిచ్చాను. మార్చిలోనే ఆ పని చేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఎక్కడ కొనాలని అడిగేవాళ్లకు కూడా అప్పటి నుంచి ఒకటే చెబుతున్నాను. బాగలేకపోతే వెనక్కి తీసుకుపోయి, ఎందుకిట్లాంటిది ఇచ్చావని మొహం మీద అడగగలిగిన చోట కొనండి. అడగలేని చోట ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పెద్దాయన ఇప్పుడు లేడు. దేవదానం బండి అమ్మేసి ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఇది రాయొచ్చా అని పోయిన నెల అడిగితే, "రాయి మామా. టీచరు ఇంగా పేపర్లూ పుస్తకాలూ సదువుతాంది," అన్నాడు.

అందుకే రాస్తున్నాను. జయమ్మ టీచరూ, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. మిమ్మల్ని రాయవేలూరుకు తీసుకుపోయి ప్రాణంతో తిరిగి తీసుకొచ్చిన ఆ అయిదు టైర్లూ మీ దగ్గర అక్షరాలు దిద్దిన దేవదానం కొన్నవి.